ముత్యం చెట్టు పిలిచిన పురుగులు

గోదావరిఖనిలోని ఆ పాత కాలనీలో గని మనిషి టోపీకి రెండో జన్మ ఉంది. ఉద్యోగం నుంచి దిగిపోయే ఏడాది మొదట్లో, ఇంట్లో మూలన పడి ఉన్న పాత హెల్మెట్‌ను వెల్లకిలా పెట్టి, అడుగున మేకుతో చిల్లు పొడిచి, గని మూతి దగ్గరి మట్టి నింపి అందులో కానుగ గింజ నాటుతారు. చివరి షిఫ్టు దిగిన సాయంత్రం, ఒంటిమీది బొగ్గు కడుక్కోకుండానే, ఆ మొక్కను తీసుకెళ్లి కాలనీ మైదానం అంచున పాతుతారు. ఈ ఆచారం ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. హిందువులూ క్రైస్తవులూ ఒకేలా పాటించారు. అలా పెరిగిన కానుగల బారుకు ‘దిగినోళ్ల వరుస’ అని పేరు. బతుకమ్మ ఆ నీడలోనే ఆడతారు, క్రిస్మస్ నక్షత్రం ఆ కొమ్మలకే కడతారు. రామగుండం ఎండల్లో ఇనుప మంచం మీద చెయ్యి పెట్టలేని మధ్యాహ్నాలు, కాలనీ ముసలివాళ్లు బతికి ఉండేది ఆ చెట్ల కిందే.

ఆ వరుసలో ప్రతి చెట్టుకూ మనిషి పేరే. ముత్యం చెట్టు, ఇమ్మాన్యుయేల్ చెట్టు, దయాసాగర్ చెట్టు.

దయాసాగర్ గనిలో సర్దారుగా పనిచేశాడు. షిఫ్టు మొదలుకాక ముందే ఒంటరిగా లోపలికి వెళ్లి, రక్షణ దీపాన్ని మెల్లగా కప్పు దాకా ఎత్తి, మంట మీద నీలిరంగు పొర తేలుతుందా లేదా అని చూసి, గ్యాస్ లేదని సంతకం పెట్టడం సర్దారు పని. ఆ సంతకం పడితేనే మిగతా కూలీలు లోపలికి దిగుతారు. అంటే ఒక మనిషి మాట మీద అంతమంది ఊపిరి ఆధారపడి ఉంటుంది. చట్టం అతని మీద పెట్టిన బాధ్యత అది. ఆ బాధ్యతను చట్టం కోరిన దానికంటే కఠినంగా మోసినవాడు దయాసాగర్. ఒకసారి పై అధికారి తొందరలో ఉండి, “మొన్న చూసిందే గదా, పెట్టవయ్యా సంతకం” అన్నాడట. “మొన్నటి గాలి మొన్ననే పోయింది సార్. పోయి చూసి చెప్త” అని దీపం తీసుకుని లోపలికి నడిచాడట. షిఫ్టు ఆలస్యమైంది, తిట్లు పడ్డాయి, ఆ పూట లోపల ఏ గ్యాసూ లేదు. అయినా తిరిగొచ్చి, సంతకం పెట్టి, ఎవరి మీదా మాట తూలకుండా క్యాంటీన్‌లో టీ తాగాడు. గ్యాస్ ఉండి ఉంటే ఆ కథ కాలనీలో ఇంకా గొప్పగా చెప్పుకునేవారేమో. కానీ అతని గొప్పతనమంతా లేని గ్యాస్‌ను కూడా వెళ్లి చూడడంలోనే ఉంది.

గనిలో అతని ముక్కుకూ పేరుండేది. బొగ్గు లోలోపల వేడెక్కుతుంటే, పొగ రాకముందే, మనుషుల కంటే ముందు అతనికి తెలిసేది. కరోనా ఆ ముక్కును తీసుకుపోయింది. ఆ జ్వరంలోనే అతని జోడీ ముత్యం పోయాడు. ముత్యం హిందువు, గనిలో కప్పు కూలకుండా కర్ర దిమ్మలు నిలబెట్టే మనిషి. దయాసాగర్ బతికాడు గానీ వాసన తిరిగి రాలేదు. పొయ్యి మీద పప్పు మాడినా తెలియదు. “మా ఆయనకు ఇప్పుడు దునియా అంత మంచి వాసనే” అని భార్య రాహేలు పక్కింటివాళ్లతో అనేది. నవ్వుతూనే అనేది, కానీ గ్యాస్ బండను మాత్రం రోజూ రెండుసార్లు తానే చూసుకునేది.

ఆ ఏడు వానలు దంచికొట్టాయి. వినాయకచవితి వెళ్లిన కొద్దిరోజులకు ముత్యం చెట్టు ఆకులు పసుపెక్కి రాలసాగాయి. కాండం మీద గుండుసూది మొన దూరేంత బెజ్జాలు కనిపించాయి. ఒక్కో బెజ్జంలోంచి తెల్లటి పొట్టు సన్నటి సేమియా పుల్లలా బయటికి పొడుచుకొచ్చింది, ముట్టుకుంటే రాలిపోయేది. ఓ మధ్యాహ్నం ఎండుకొమ్మ విరిగి ఎవరిదో స్కూటీ మీద పడింది.

కాలనీ కమిటీ కూర్చుంది. మైదానం చివర కొత్తగా కట్టిన సిమెంటు గద్దె మీద జరిగిందా సమావేశం. కార్యదర్శి రఘుపతి ముత్యం కొడుకే. అతడూ గనిలోనే పనిచేస్తాడు.

“అన్నీ కొట్టేద్దం,” అన్నాడు రఘుపతి. “మా బాపు చెట్టే ముందు ఎండింది. నాకు బాధ లేదనుకుంటున్నరా? పురుగు ఒక్కదానికి పట్టింది, రేపు వరుసంత పడ్తది. కొమ్మ స్కూటీ మీద పడ్డది గాబట్టి సరిపోయింది. పిల్లల మీద పడితె జవాబుదారి ఎవరు?”

“నువ్వన్నది తప్పు కాదు బిడ్డా,” అన్నాడు దయాసాగర్. “కానీ చూడకుంట సంతకం పెట్టుమంటున్నవ్. గది నాతోని కాదు. మిగిలిన చెట్లల్ల ఏమున్నదో పోయి చూసి చెప్త.”

“ఏం చూస్తవ్ కాకా? నీకు వాసనే రాదాయె.”

గద్దె చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. దయాసాగర్ కూడా నవ్వాడు. “ముక్కు పోయింది. కండ్లు ఉన్నయి గదరా.”

“సరే. సద్దుల బతుకమ్మ అయ్యేదాక ఆగుతం. ఆ తెల్లారి రంపం మిషన్ వస్తది,” అని రఘుపతి లేచాడు.

అక్కడ కూర్చున్నవారిలో ఒక్కరూ అడగవలసిన ప్రశ్న అడగలేదు. ఇన్నేళ్లూ రాని పురుగు ఈ ఏడే ఎందుకు వచ్చింది? ఇన్ని చెట్లుండగా ముందుగా ఆ ఒక్క చెట్టునే ఎందుకు ఎంచుకుంది? విచారణ లేకుండా వరుస మొత్తానికి శిక్ష పడింది. శిక్ష పడింది నోరులేని చెట్టుకు కనుక అది శిక్షగా ఎవరికీ కనిపించలేదు. ఇళ్లు ఖాళీ చేయించినప్పుడు, పొలాల మీదికి బుల్‌డోజర్ వచ్చినప్పుడు ‘కనీసం నోటీసైనా ఇవ్వలేదు’ అని గొంతు చించుకున్న మనుషులు వీళ్లే.

దయాసాగర్ చెల్లెలి కూతురు శాలిని పెద్దపల్లి దగ్గర వ్యవసాయ విస్తరణాధికారిణి. మామ కబురు పెడితే ఆదివారం బండి మీద వచ్చింది. చిన్నచాకుతో బెరడు కొద్దిగా ఎత్తి, చీమ తలకాయంత ఉన్న గోధుమరంగు పురుగును కాగితం మీదికి రాల్చి, చేతి భూతద్దం అతనికిచ్చింది.

“తలకాయ ముందట రెండు చిన్న గదల లెక్క కనిపిస్తున్నయా మామా? గవే దీని ముక్కు.”

“గింతదానికి గంత ముక్కా?”

“ఆ గద మీద కంటికి ఆనని నూగు ఉంటది. ఒక్కొక్క నూగుకు సన్నటి రంధ్రాలు. వాసన అందులకెళ్లి లోపలికి పోతది. ఇది ఎగురుకుంట పోతుంటే ఏ చెట్టు బలంగ ఉన్నదో, ఏ చెట్టు కష్టంల ఉన్నదో గాలిలనే తెలుస్తది. నిండా బలమున్న చెట్టు వాసన వస్తే పక్కకు తిరిగి పోతది.”

“మరి కష్టంల ఉన్న చెట్టు వాసన ఎట్లుంటది?”

శాలిని నవ్వింది. “సారా లెక్క ఉంటది.”

గుమ్మంలో బియ్యం చెరుగుతున్న రాహేలు చేట ఆపింది. “ఏందే, చెట్టు సారా తాగుతదా?”

“తాగది అత్తమ్మా, కాస్తది. వేర్లకు గాలాడకపోతే చెట్టు లోపల సారా తయారైతది. అది మెల్లగ బెరడులకెళ్లి బయటికొస్తది. మనకు తెల్వది. దీనికి దూరంకెళ్లే తెలుస్తది. చెట్టు కిందమీదైతున్నదని దీనికది కబురు. లోపలికి తొలిచిపోయి బూజు పెంచుకుంటది, పిల్లలకు ఆ బూజే తిండి. సారా ఉన్న కట్టెలనే ఆ బూజు మంచిగ పండుతది.”

“అంటె రైతన్నమాట,” అన్నాడు దయాసాగర్.

“రైతే. దీని చుట్టాలల్ల ఇంకో రకం ఉన్నయి. ముందొచ్చినయి తమ వాసన ఇడిచి కడమవాటిని పిలుస్తయి. చెట్టు నిండినంక వాసన మార్చి, ఇగ జాగ లేదు, వేరే చెట్టు చూసుకోండ్రి అని చెప్తయి.”

“మన బస్సుల కండక్టర్ కంటె నయం,” అంది రాహేలు.

పురుగు ఏ చెట్టు దగ్గర ఎంత ఉందో తెలుసుకునే మార్గం కూడా శాలినే చెప్పింది. నీళ్ల సీసా పొట్టకు కిటికీ కోసి, అడుగున సబ్బునీళ్లు పోసి, లోపల సారాలో ముంచిన దూది వేలాడదీయాలి. వాసనకు వచ్చిన పురుగు నీళ్లలో పడుతుంది. ఇంతలో ఆఫీసు నుంచి ఫోన్ వస్తే, ఎక్కడ కట్టాలో చెప్పకుండానే ఆమె బండెక్కింది. దయాసాగర్ కూడా అడగలేదు. అది తనకు తెలుసనే అనుకున్నాడు.

ఇప్పుడు సారా, లేదా దాని బదులు ఏదో ఒక మందు కావాలి. దయాసాగర్ చర్చిలో సంఘపెద్ద. పెళ్లిలో కూడా చుక్క ముట్టినవాడు కాదు. చౌరస్తాలోని వైన్స్ ముందు నిలబడేసరికి కౌంటర్ వెనక నర్సింగం కళ్లు పెద్దవి చేశాడు. అతడు ఒకప్పుడు ఇదే గనిలో బొగ్గు టబ్బులు తోసినవాడు.

“దయాసాగరన్నా! నువ్వేనా? పొద్దు ఎటుదిక్కు పొడిచిందే ఇయ్యాల?”

“అన్నిట్లకెల్లి తక్కువ పైసలది ఒకటియ్యి నర్సింగం. నాకు గాదు, పురుగులకు.”

“గట్లనే అంటరన్నా అందరు. ఒకడు బామ్మర్దికంటడు, ఒకడు నడుం నొప్పికంటడు. పురుగులకని మాత్రం నువ్వే మొదాలు.” సీసా కాగితంలో చుడుతూ గొంతు తగ్గించాడు. “వదినెకు చెప్ప తియ్యి.”

నర్సింగం వదినెకు చెప్పలేదు గానీ ఇంకెవరికి చెప్పాడో, ఆ సాయంత్రానికి కాలనీకంతా తెలిసింది.

సీసాలు కట్టే దగ్గర దయాసాగర్ తప్పు చేశాడు. అది గని మనిషి మాత్రమే చేసే తప్పు. గనిలో నేర్చిన సూత్రం ఒక్కటే. అపాయం ఎక్కడుందో దీపం అక్కడికే వెళ్లాలి, కప్పు కింద గ్యాస్ ఉంటుంది కనుక దీపం కప్పుకే ఎత్తాలి. ఆ లెక్కన సీసాలన్నిటినీ చెట్ల కాండాలకే కట్టాడు. ముత్యం చెట్టు పక్కనే ఉన్న తన చెట్టుకు రెండు సీసాలు కట్టాడు, ఎక్కువ జాగ్రత్త అక్కడే అవసరమని.

వారం తిరిగేసరికి సీసాల్లో పురుగులు నిండాయి. దయాసాగర్ చెట్టు కాండం మీద, సీసా చుట్టూ, తెల్లటి సేమియా పుల్లలు మొలిచాయి.

“పట్టుకొచ్చి దావత్ ఇచ్చినట్టున్నవు కాకా,” అన్నాడు రఘుపతి. అతని గొంతులో వెటకారం కంటే కోపమే ఎక్కువ. “మా బాపు చెట్టు ఒక్కటి చాలదన్నట్టు, నీ చెట్టుకు నువ్వే అంటగట్టినవ్. గిందుకేనా మిషన్ ఆపింది?”

 దయాసాగర్ ఇంటికెళ్లి శాలినికి ఫోన్ చేసి, తాను ఏం చేశాడో దాచకుండా, కలపకుండా చెప్పాడు.

“అయ్యో మామా! చెట్టుకు కట్టద్దు,” అంది శాలిని. “నేనే చెప్పాల్సింది. సారా వాసనకొచ్చిన పురుగు పక్కనే చెట్టు దొరికితె సీసల పడ్తదా? దూరంగ కట్టాలె. మైదానం అవతల, కంచె పొంట.”

ఫోన్ పెట్టేసి అతను మంచం మీద కూర్చున్నాడు. దీపం గ్యాస్‌ను చూస్తుందే తప్ప పిలవదు. సీసా పిలుస్తుంది. నలభై ఏళ్ల అలవాటు ఆ తేడాను అతనికి కనపడనివ్వలేదు.

మరునాడు అందరూ చూస్తుండగానే కాండాలకున్న సీసాలు విప్పాడు. కంచె వెంట ఇనుప గుంజలకు వాటిని కట్టాడు. రోజూ పొద్దున చాయ తాగకముందే వెళ్లి చూసేవాడు. తాగుబోతు సంఘపెద్ద సీసాలు లెక్కపెట్టుకుంటున్నాడని కొందరు నవ్వారు. అతను ఆ నవ్వులను పట్టించుకోలేదు, ఎందుకంటే సీసాలు అతనికి ఒక సంగతి చెప్పసాగాయి. ఒక కొసన, ఇమ్మాన్యుయేల్ చెట్టు వైపు, సీసాలు దాదాపు ఖాళీ. ముత్యం చెట్టు వైపు, గద్దె దగ్గరకు వచ్చేకొద్దీ పురుగులు దట్టం. గనిలో గ్యాస్ ఒకచోట పలచగా, మరోచోట చిక్కగా ఉంటే సర్దారు దాన్ని తిట్టుకుంటూ కూర్చోడు. అది ఏ పగులులోంచి వస్తోందో వెతుకుతాడు.

పార తీసుకుని ముత్యం చెట్టు మొదట్లో తవ్వాడు. మోచేతి లోతు దిగకముందే నల్లటి నీళ్లు ఊరాయి. వానలు వెలిసి అన్ని రోజులైనా మట్టి ఆరలేదు. పిడికెడు బురద తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు.

“రాహేలూ, జెర ఇటు రా.”

సీసాల గొడవ మొదలైనప్పటి నుంచీ ఆమె అతనితో అవసరానికి మించి మాట్లాడడం లేదు. చర్చిలో ఆడవాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది తనే మరి. అయినా వచ్చింది. వంగి, బురద మీద ముఖం పెట్టి, గభాలున వెనక్కి జరిగింది.

“ఛీ! నాలుగొద్దులు మరిసిపోయిన గంజికుండ లెక్క పులిసి కంపు కొడ్తున్నది.”

“ఇమ్మాన్యుయేల్ చెట్టు కాడ చూడు.”

కొంగు నడుముకు చెక్కుకుని అక్కడికీ వెళ్లింది. అతను తవ్విచ్చిన మట్టిని వాసన చూసింది. “ఇది ఉత్త మట్టి. మొదటి వాన వాసన.” ఆ మాట అన్నాక ఆమె మొగుడి ముఖంలోకి చూసి, అడగకుండానే మూడో చెట్టు దగ్గరకు నడిచింది. అలా వరుస మొత్తం తిరిగారు. అతను తవ్వుతూ, ఆమె వాసన చూస్తూ. పులుపు ఎక్కడ మొదలైందో అక్కడ ఇద్దరూ తల ఎత్తి చూశారు. ఎదురుగా సిమెంటు గద్దె ఉంది.

మైదానం నీళ్లను పెద్ద కాలువలోకి తీసుకుపోయే మోరీ ఆ గద్దె కిందుగా ఉండేది. కట్టేటప్పుడు కిందికి గొట్టం వేయడం మానేసి నేరుగా కాంక్రీటు పోశారు. వానాకాలమంతా నీళ్లు కదలకుండా ముత్యం చెట్టు మొదట్లో నిలిచాయి. వేళ్లకు ఊపిరాడలేదు. చెట్టు తన కష్టాన్ని తనకు తెలిసిన ఒకే ఒక్క భాషలో చెప్పుకుంది. ఆ భాష అర్థమైంది పురుగుకు మాత్రమే. ఆ నేరంలో పురుగు సాక్షి. ముద్దాయిలు గద్దె మీద కూర్చుని తీర్మానం చేశారు.

గద్దె ప్రారంభించిన రోజు మొదటి కుర్చీలో కూర్చున్నది దయాసాగరే. ఆ సంగతి అతను మరచిపోలేదు.

సద్దుల బతుకమ్మ మరునాడు పొద్దున రంపపు మిషన్‌తో మనుషులు వచ్చారు. కాలనీ అంతా మైదానంలో చేరింది. రాత్రి ఆడిన తంగేడు పూలు ఇంకా నేల మీదే ఉన్నాయి.

“చెప్పు కాకా,” అన్నాడు రఘుపతి. “చూసి చెప్తనన్నవ్ గద.”

తన చెట్టును వదిలేయమని బతిమాలతాడనే అందరూ అనుకున్నారు. దయాసాగర్ షిఫ్టు ముందు రిపోర్టు చెప్పినట్టు, గొంతు ఎక్కడా ఎత్తకుండా చెప్పాడు.

“ముత్యం చెట్టు సచ్చిపోయింది, దాన్ని కొట్టాలె. నా చెట్టు బతకది. దానికి పురుగును పిలిచింది నేనే, దాన్ని గూడ కొట్టుండ్రి. కడమ చెట్ల మొదళ్లు తవ్వి చూసిన, బెరడు చూసిన. వాటికి ఏం గాలె. వాటిని ముట్టద్దు. ఈ గద్దె కింద మోరీ మూసినం. మూసినోళ్లల్ల నేనున్న, నువ్వున్నవ్. మోరీ తెరవకపోతె ఇయ్యాల కొట్టని చెట్టు మీదేడు కొడ్తం.”

“గద్దె పగలగొట్టుమంటవా?” ఎవరో వెనకనుంచి అరిచారు. “చందాలేసి కట్టుకున్నదే!”

 రఘుపతి వెళ్లి దయాసాగర్ తవ్విన గుంట దగ్గర కూర్చున్నాడు. బురద తీసి వాసన చూశాడు. తండ్రి చెట్టు కాండం మీద అరచెయ్యి పెట్టాడు.

“నీ చెట్టు ఉంచుదం కాకా,” అన్నాడు చివరికి. “మందేస్తే…”

“మందుతోని పోదు బిడ్డా. శాలినిని అడిగిన. నా చెట్టు ఉంటే ఇమ్మాన్యుయేల్ చెట్టు దాక పోతది.” దయాసాగర్ రంపం మనిషి వైపు తిరిగాడు. “ముందు నాది కొయ్యి అన్నా.”

రెండు చెట్లూ పడిన తరువాత రఘుపతి ఇంటికెళ్లి గడ్డపార తెచ్చాడు. గద్దెకు మొదటి దెబ్బ అతనే వేశాడు. రెండో దెబ్బకు నర్సింగం చెయ్యి కలిపాడు. మధ్యాహ్నానికి మోరీలో నీళ్లు కదిలాయి. నల్లగా, బుడగలు కక్కుతూ, ఆలస్యమైనందుకు సిగ్గుపడుతున్నట్టు మెల్లగా పారాయి.

ముత్యం చెట్టును అప్పుడే కాల్చేశారు. దయాసాగర్ చెట్టు మొద్దులను మాత్రం శాలిని చెప్పినట్టు కంచె అవతల, వరుసకు దూరంగా పేర్చి ఉంచారు. పచ్చిగా కొట్టిన కట్టెలో కూడా సారా పుడుతుంది. వరుసలో మిగిలిన పురుగులకు అది పిలుపు. అవి వచ్చి ఆ మొద్దుల్లోకి దూరుతాయి. పిల్లలు బయటికి రాకముందే మొద్దులు కాల్చేయాలి. మనుషులను గనిలోకి దింపే ముందు తాను ఒంటరిగా దిగిన మనిషి చెట్టు, కొట్టేశాక కూడా, మిగిలిన చెట్లకు ముందు నిలబడి అదే పని చేసింది. అతను మాత్రం అలా అనుకోలేదు. రోజూ వెళ్లి మొద్దుల మీద తెల్లటి పుల్లలు లెక్కగా పెరుగుతున్నాయా, వరుసలోని చెట్ల మీద కొత్తవి లేవా అని చూశాడు. చూసి రఘుపతికి చెప్పాడు.

శాలిని సరేనన్న సాయంత్రం మొద్దులకు నిప్పు పెట్టారు. పొగ పైకి లేచి థర్మల్ కరెంటు ప్లాంటు చిమ్నీల వైపు వంగింది. రఘుపతి తన తండ్రి పాత టోపీని ఇంట్లోంచి వెతికి తెచ్చి, దాంట్లో మట్టి నింపుతూ కూర్చున్నాడు. మోరీ పక్కన మట్టి ఇప్పుడు పొడిగా రాలుతోంది.

దయాసాగర్ రాహేలు పక్కన నిలబడి మంటను చూశాడు.

“ఎట్లున్నది వాసన?”

“ఎట్లుంటది? కట్టె కాలుతున్న వాసన.” ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది, పొగకే. తరువాత ముఖం గాలికి తిప్పి, మరోసారి, ఈసారి జాగ్రత్తగా పీల్చింది. “జెర పులుపున్నది ఇంక. ఆగు, అది గూడ పోతున్నది.”